ప్రపంచ చరిత్ర స్వయం అధ్యయనం: అమెరికా ఉన్నత పాఠశాల పరీక్ష ఒక ఉదాహరణ

1.0 లక్ష్యాలు

ఈ పాఠ్యభాగాన్ని చదివిన తరవాత మీరు:

• అమెరికాలోని ఏపీ వరల్డ్ హిస్టరీ పరీక్ష స్వరూపాన్ని వివరించగలుగుతారు.
• పాఠం చదవడానికీ, విషయం తెలియడానికీ మధ్య ఉన్న తేడాను గుర్తించగలుగుతారు.
• ఒక చారిత్రక ఆధారాన్ని ప్రశ్నించే పద్ధతిని తెలుసుకుంటారు.
• మీరు రాసిన సమాధానాన్ని మీరే దిద్దుకోగలుగుతారు.

1.1 పరిచయం

మీలో చాలామంది పగలంతా ఉద్యోగమో, వ్యవసాయమో, ఇంటిపనో చేసుకుని రాత్రిపూట ఈ పుస్తకం తెరుస్తారు. సంపర్క తరగతులు సెలవు రోజుల్లో కొన్ని గంటలు మాత్రమే జరుగుతాయి. మిగిలిన చదువంతా మీరొక్కరే సాగించాలి. చదివింది అర్థమైందో లేదో చెప్పేవారు పక్కన ఉండరు. అది తెలిసేది పరీక్ష ఫలితాల రోజున. అప్పటికి ఒక సంవత్సరం గడిచిపోయి ఉంటుంది.

ఈ కష్టం మీ ఒక్కరిదే కాదు. అమెరికాలో స్థిరపడిన మా మేనకోడలి కూతురు పదో తరగతిలో ఉండగా ప్రపంచ చరిత్రలో ఒక ఉన్నతస్థాయి పరీక్ష రాయాలనుకుంది. ఆ పిల్ల చదివే బడిలో ఆ కోర్సు లేదు. పుస్తకం కొనుక్కుని సొంతంగా చదవడం మొదలుపెట్టింది. ఆ ఏడాది నేను నాలుగు నెలలు వాళ్ళింట్లో ఉన్నాను. చరిత్ర పాఠాలు చెప్పి పదవీ విరమణ చేసినవాణ్ణి కాబట్టి సాయం చేయడం సులువే అనుకున్నాను. నేను అనుకున్నట్టు జరగలేదు. ఆ నాలుగు నెలల్లో ఆ పిల్లతోపాటు నేనూ నేర్చుకున్నాను. ఒంటరిగా చరిత్ర చదివేవారికి పనికివచ్చే ఆ పద్ధతినే ఈ పాఠ్యభాగంలో మీ ముందు ఉంచుతున్నాను.

1.2 పరీక్ష స్వరూపం

ఆ పరీక్ష పేరు 'ఏపీ వరల్డ్ హిస్టరీ: మోడర్న్'. ఇక్కడ ఏపీ అంటే ఆంధ్రప్రదేశ్ కాదు, అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్. ఉన్నత పాఠశాల విద్యార్థులు కళాశాల మొదటి సంవత్సరం స్థాయి పాఠాలను ముందుగానే చదివి పరీక్ష రాసే ఏర్పాటు ఇది. కాలేజ్ బోర్డ్ అనే సంస్థ దీన్ని 1950ల నుంచి నిర్వహిస్తోంది. ప్రపంచ చరిత్రలో తొలి పరీక్ష 2002లో జరిగింది. పరీక్షలు ఏటా మే నెలలో ఉంటాయి. ఫలితాన్ని 1 నుంచి 5 వరకు అంకెలలో ఇస్తారు. మంచి అంకె వస్తే చాలా విశ్వవిద్యాలయాలు దాన్ని క్రెడిట్లుగా లెక్కిస్తాయి. ఏ అంకెకు ఎన్ని క్రెడిట్లన్నది ఆయా విశ్వవిద్యాలయాల ఇష్టం.

ఈ పరీక్ష రాయడానికి బడిలో ఆ కోర్సు చదివి ఉండాలన్న నిబంధన లేదు. స్వయంగా చదువుకున్నవారూ, ఇంటివద్దే చదువుకునే పిల్లలూ రాయవచ్చు. అయితే వారి పేరును పరీక్షకు నమోదు చేసి, రాయడానికి చోటిచ్చే పాఠశాలను వారే వెతుక్కోవాలి. పరీక్ష మేలో అయినా నమోదు గడువు అంతకుముందటి శరదృతువులోనే ముగుస్తుంది. ఏడాదంతా చదివి గడువు సంగతి మరిచిపోతే చదువు మిగులుతుంది, పరీక్ష మాత్రం ఉండదు. మన దూరవిద్యలో పరీక్ష రుసుము గడువు విషయంలోనూ ఈ జాగ్రత్త అవసరమే.

పరీక్షలో నాలుగు రకాల ప్రశ్నలుంటాయి.

అ) బహుళైచ్ఛిక ప్రశ్నలు: 55 ప్రశ్నలు, 55 నిమిషాలు, 40 శాతం. ఒక పటమో, చిత్రమో, చిన్న ఉద్ధరణో ఇచ్చి దానిమీద మూడు నాలుగు ప్రశ్నలు అడుగుతారు.
ఆ) లఘు సమాధాన ప్రశ్నలు: 3 ప్రశ్నలు, 40 నిమిషాలు, 20 శాతం.
ఇ) ఆధార పత్రాల ప్రశ్న: 1 ప్రశ్న, 60 నిమిషాలు, 25 శాతం. ఏడు పత్రాలు ఇస్తారు. వాటిని సాక్ష్యంగా వాడుకుని వ్యాసం రాయాలి.
ఈ) దీర్ఘ వ్యాసం: మూడింటిలో 1 ప్రశ్న, 40 నిమిషాలు, 15 శాతం.

మొత్తం మూడు గంటల పదిహేను నిమిషాలు. పై లెక్కను జాగ్రత్తగా గమనించండి. విద్యార్థి తన మాటల్లో రాయవలసిన భాగం 60 శాతం. తక్కిన 40 శాతంలోనూ ఇచ్చిన ఆధారాన్ని చదివి అర్థం చేసుకోనిదే సరైన జవాబు గుర్తించడం కష్టం. కేవలం తేదీలు వల్లె వేసినవారు ఈ పరీక్షలో నెగ్గుకురాలేరు.

1.3 చరిత్రను ఎక్కడ మొదలుపెట్టాలి?

ఈ పరీక్ష సుమారు క్రీ.శ. 1200 నుంచి నేటివరకు ఉన్న చరిత్రను తొమ్మిది యూనిట్లుగా విభజించింది. 1200–1450 నాటి రాజ్యాలు ఒకటి, అదే కాలపు వాణిజ్య మార్గాలు మరొకటి. 1450–1750 నాటి భూభాగ సామ్రాజ్యాలు, సముద్రాంతర సంబంధాలు తరవాతి రెండు. 1750–1900 నాటి విప్లవాలు, పారిశ్రామికీకరణ పర్యవసానాలు ఆపైన రెండు. 1900 తరవాతి ప్రపంచ సంఘర్షణలు, ప్రచ్ఛన్న యుద్ధంతోపాటు వలసల విమోచన, ప్రపంచీకరణ చివరి మూడు.

1200 అన్న ఆరంభం వెనక ఒక వివాదం ఉంది. తొలిరోజుల్లో ఈ కోర్సు ప్రాచీన కాలం నుంచీ మొదలయ్యేది. పాఠ్యాంశం మరీ విస్తారమైందన్న కారణంతో 2018లో కాలేజ్ బోర్డ్ దాన్ని 1450 నుంచి మొదలుపెడతామని ప్రకటించింది. ఉపాధ్యాయులూ విద్యార్థులూ అభ్యంతరం చెప్పారు. 1450 అంటే యూరప్ నౌకలు బయలుదేరే కాలం. అక్కడ కథ మొదలుపెడితే ఆఫ్రికా, ఆసియా, అమెరికా ఖండాల ప్రజలు యూరోపియన్ల కంటబడిన తరవాతే చరిత్రలోకి అడుగుపెట్టినట్టు కనబడుతుందన్నది వారి వాదన. చివరికి బోర్డు ఆరంభాన్ని 1200కు జరిపింది.

ఈ రెండున్నర శతాబ్దాల తేడా వల్ల ఏమి లోపలికి వచ్చిందో చూడండి. 1324లో మక్కా యాత్రకు బయలుదేరి, కైరోలో విరివిగా బంగారం పంచిన మాలి చక్రవర్తి మన్సా మూసా వచ్చాడు. 1325లో టాంజియర్ నుంచి బయలుదేరి ఢిల్లీలో ముహమ్మద్ బిన్ తుగ్లక్ కొలువు చేసిన ఇబ్న్ బతూతా వచ్చాడు. 1405–1433 మధ్య ఏడుసార్లు సముద్రయానం చేసిన చైనా నౌకాధిపతి జెంగ్ హె వచ్చాడు. మన కాకతీయుల ఓరుగల్లూ ఈ కాలంలోనిదే. కథను ఏ సంవత్సరంతో మొదలుపెడతామన్నది కూడా ఒక వాదనే. ఏ చరిత్ర పుస్తకం తెరిచినా "ఇది ఇక్కడే ఎందుకు మొదలైంది?" అని మొదట అడగండి.

1.4 చదవడం వేరు, తెలియడం వేరు

నేను వెళ్ళేసరికి మా అమ్మాయి పుస్తకాన్ని రెండుసార్లు పూర్తి చేసింది. ప్రతి పేజీలోనూ పసుపు రంగు గీతలే. పుస్తకం మూసి, "మన్సా మూసా యాత్ర ఎందుకు ముఖ్యం?" అని అడిగాను. "ఆయన చాలా ధనవంతుడు తాతయ్యా" అంది. అంతకుమించి మాట రాలేదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నేను నిజంగానే చదివాను" అంది. అబద్ధం కాదు, చదివింది. చదివిన పేజీ మళ్ళీ కనబడితే పరిచయస్తుణ్ణి చూసినట్టు ఉంటుంది. ఆ పరిచయాన్నే మనం జ్ఞానం అనుకుంటాం.

దీనిపై 2006లో హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికీ అనే మనోవిజ్ఞాన శాస్త్రవేత్తలు ఒక ప్రయోగ ఫలితం ప్రచురించారు. కొందరు విద్యార్థులు ఒక పాఠాన్ని మళ్ళీమళ్ళీ చదివారు. మరికొందరు ఒకసారి చదివి, పాఠం చూడకుండా గుర్తున్నదంతా రాశారు. అయిదు నిమిషాల తరవాత పరీక్షిస్తే మళ్ళీ చదివినవారే ముందున్నారు. వారం తరవాత పరీక్షిస్తే చూడకుండా రాసినవారు ముందుకు వచ్చారు. మన పరీక్ష అయిదు నిమిషాల తరవాత ఉండదు కదా!

ఆ రోజునుంచి మేము పద్ధతి మార్చాం. ఒక అంశం చదవగానే పుస్తకం మూసి, తెల్లకాగితం మీద గుర్తున్నది రాయాలి. తరవాత పుస్తకం తెరిచి వదిలేసినవాటిని వేరే రంగు సిరాతో చేర్చాలి. ఆ రెండో రంగు ఎక్కడ ఎక్కువ కనబడుతుందో అక్కడే మళ్ళీ చదవాలి. మొదటి వారం ఆ కాగితాలు చూసి ఆ పిల్ల బెంబేలెత్తింది. నెల తిరిగేసరికి రెండో రంగు తగ్గింది.

మీ ప్రగతిని సమీక్షించుకోండి – 1
గమనిక: పుస్తకం మూసి, మీ సమాధానాన్ని వేరే కాగితంపై రాయండి.
1. 1450కు బదులు 1200 నుంచి మొదలుపెట్టడం వల్ల ప్రపంచ చరిత్ర చిత్రం ఎలా మారుతుంది?
2. మళ్ళీమళ్ళీ చదవడం మనల్ని ఎందుకు మోసగిస్తుంది?

1.5 ప్రశ్నతో చదవడం

ఎనిమిది వందల ఏళ్ళ చరిత్రలో ప్రతి విషయం గుర్తుంచుకోవడం ఎవరికీ సాధ్యం కాదు. ఏవి గుర్తుంచుకోవాలో ప్రశ్నే చెబుతుంది. ఏపీ పరీక్ష ప్రధానంగా మూడు ప్రశ్నలు నేర్పుతుంది. దీనికి కారణం ఏమిటి, పర్యవసానం ఏమిటి? ఇది దేన్ని పోలి ఉంది, దేనితో విభేదిస్తుంది? ఏది మారింది, ఏది మారకుండా నిలిచింది?

వెండిని ఉదాహరణగా తీసుకుందాం. 1545లో నేటి బొలీవియాలోని పొటోసి కొండలో స్పెయిన్ వారికి వెండి నిక్షేపం దొరికింది. ఇదొక తేదీ మాత్రమే. ఇప్పుడు ప్రశ్న వేయండి. ఆ వెండిని ఎవరు తవ్వారు? 'మిత' అనే నిర్బంధ శ్రమ విధానం కింద ఎక్కువగా స్థానిక ఆండీస్ ప్రజలు. ఆ వెండి ఎటు పోయింది? యూరప్‌కు పోయింది. అంతేకాదు, 1571లో స్పెయిన్ వారు మనీలాను స్థావరంగా చేసుకున్నాక పసిఫిక్ మీదుగా చైనాకూ పోయింది. చైనాకే ఎందుకు? మింగ్ ప్రభుత్వం పదహారో శతాబ్దంలో పన్నులను క్రమంగా వెండి రూపంలోకి మార్చింది కాబట్టి అక్కడ వెండికి గిరాకీ ఎక్కువ. బదులుగా పట్టు, పింగాణీ వెలుపలికి వచ్చాయి. చూశారా, బొలీవియా కూలీకీ చైనా రైతు కట్టే పన్నుకూ మధ్య ఒక దారం కనబడింది. అయిదు విడివిడి వాస్తవాలకన్నా ఒక దారానికి గుచ్చిన అయిదు వాస్తవాలు ఎక్కువకాలం గుర్తుంటాయి.

ఈ దారం మన వంటింటి దాకా వస్తుంది. మిరపకాయ, వేరుశనగ, టమాటా, మొక్కజొన్న అన్నీ అమెరికా ఖండాల పంటలే. 1492 తరవాతే అవి మన వైపు వచ్చాయి. మిరపకాయ లేని కాలంలో మన వంటకు కారం మిరియాలది. గుంటూరు మిరప యార్డు చూసినవారికి నాలుగో యూనిట్‌ను ప్రత్యేకంగా బట్టీ పట్టవలసిన అవసరం ఉండదు.

1.6 ఆధారాన్ని ప్రశ్నించడం

ఆధార పత్రాల ప్రశ్నకు నమూనా సమాధానం నేనే గడియారం పెట్టుకుని రాసి చూపిస్తానన్నాను. గంటలో నాలుగు పేజీలు రాశాను. తరవాత మార్కుల కొలబద్ద తీసి ఇద్దరం దిద్దాం. ఏడింటికి నాకు వచ్చినవి నాలుగు! ఏ పత్రం ఏమి చెబుతోందో చక్కగా సంగ్రహించాను. అది ఎవరు, ఎవరికోసం, ఎందుకు చెబుతున్నారో ఒక్క వాక్యమూ రాయలేదు. "తాతయ్యా, మీరు పత్రాల మాట నమ్మేశారు" అంది ఆ పిల్ల. జీవితాంతం విద్యార్థులకు చెప్పిన మాటే అది. చెప్పడం వేరు, గడియారం ముందు చేయడం వేరు అని నాకు ఆ రోజు తెలిసింది.

ప్రతి పత్రాన్నీ నాలుగు ప్రశ్నలు అడగాలి. చెప్పినవారు ఎవరు? ఎవరిని ఉద్దేశించి? ఏ ప్రయోజనం కోసం? అప్పటి పరిస్థితి ఏమిటి? మనకు తెలిసిన ఒక పత్రంతో దీన్ని అభ్యాసం చేద్దాం. కాకతీయ గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో ఒక అభయ శాసనం వేయించాడు. గతంలో రాజులు తుఫానుకు కొట్టుకువచ్చిన, పగిలిపోయిన ఓడల సరకును బలవంతంగా స్వాధీనం చేసుకునేవారని, తాను దయతో నిర్ణీత సుంకం తప్ప మిగిలినదంతా వదిలేస్తున్నానని దాని సారాంశం.

దీన్ని "గణపతిదేవుడు దయగల రాజు" అని సంగ్రహిస్తే నాలాగే మార్కు పోగొట్టుకుంటారు. ప్రశ్నలు వేయండి. చెప్పినవాడు రాజు, కనుక తన కీర్తి చాటుకుంటాడు. విన్నవారు సముద్ర వర్తకులు, కనుక వారికి భరోసా కావాలి. ప్రయోజనం రేవుకు ఓడలను రప్పించడం, సుంకం రాబట్టుకోవడం. పరిస్థితి హిందూ మహాసముద్ర వాణిజ్యంలో రేవుల మధ్య పోటీ. ఇంకో మెట్టు దిగండి. అభయం ఇవ్వవలసి వచ్చిందంటే, అంతకుముందు భయం ఉండేదన్నమాట. రాజు చెప్పదలచుకోని సంగతిని కూడా శాసనం మనకు చెబుతోంది. ఇదే శాసనం గురించి ఒక వర్తకుడు రాసి ఉంటే ఏమనేవాడో ఊహించి చూడండి. పత్రంలో ఎవరి గొంతు లేదో గుర్తించడం కూడా విశ్లేషణలో భాగమే.

1.7 వాదన వాక్యం

వ్యాసం మొదట్లో ప్రశ్నకు సూటిగా సమాధానం చెప్పే వాక్యాన్ని థీసిస్ అంటారు. మనం వాదన వాక్యం అందాం. ఈ ప్రశ్న చూడండి: "1450–1750 మధ్య హిందూ మహాసముద్ర వాణిజ్యాన్ని యూరోపియన్ల రాక ఎంతమేరకు మార్చింది?"

బలహీనమైన వాక్యం: "యూరోపియన్ల రాకతో వాణిజ్యంలో అనేక మార్పులు వచ్చాయి." దీన్ని ఎవరూ కాదనలేరు. అందుకే ఇది వాదన కాదు.

బలమైన వాక్యం: "పోర్చుగీసువారు అనుమతి పత్రాలతో, ఫిరంగులతో సముద్రం మీద కొత్త నియంత్రణ తెచ్చినప్పటికీ, వాణిజ్యపు సరకులూ ఆసియా వర్తకుల సంబంధాలూ చాలావరకు కొనసాగాయి. కాబట్టి ఈ కాలంలో వాణిజ్య నిబంధనలు మారినంతగా వాణిజ్య స్వరూపం మారలేదు."

దీన్ని కాదనేవారు ఉంటారు. కాబట్టి సాక్ష్యం చూపాలి. 1511లో మలక్కా ఆక్రమణ, కార్తాజ్ అనే అనుమతి పత్రాలు మార్పుకు సాక్ష్యం. కొనసాగింపుకు సాక్ష్యం గుజరాతీ వర్తకుల వ్యాపారం. మచిలీపట్నం నుంచి కోరమండల్ వస్త్రాలు కొని, వాటితో ఆగ్నేయాసియాలో సుగంధ ద్రవ్యాలు సంపాదించిన డచ్చి కంపెనీ కూడా పాత వాణిజ్య మార్గంలోనే నడవవలసి వచ్చింది.

పరీక్షకుడిగా నేను వేల సమాధాన పత్రాలు దిద్దాను. కారణాలు అడిగితే జీవిత చరిత్ర, పర్యవసానాలు అడిగితే యుద్ధ వర్ణన రాసినవి వాటిలో ఎన్నో. ఆ విద్యార్థులకు తెలియక కాదు. తెలిసినదంతా రాశారు, అడిగినదానికి జవాబు రాయలేదు. మార్కులు తక్కువ వేస్తున్నప్పుడు వారు ఎన్ని రాత్రులు చదివి ఉంటారో అనిపించి బాధ కలిగేది.

1.8 దిద్దేవారు లేనప్పుడు

స్వయం అధ్యయనంలో అసలు లోటు పాఠం చెప్పేవారు లేకపోవడం కాదు, పుస్తకం ఆ లోటు కొంత తీరుస్తుంది. రాసింది చదివేవారు లేకపోవడమే పెద్ద లోటు. దానికి మూడు మార్గాలున్నాయి.

మొదటిది, మార్కుల కొలబద్ద. ఆధార పత్రాల వ్యాసానికి వాదన వాక్యానికి 1, నేపథ్యానికి 1, సాక్ష్యానికి 3, విశ్లేషణకూ తర్కానికీ 2, మొత్తం 7 మార్కులు. కాలేజ్ బోర్డ్ పాత ప్రశ్నలనూ, మార్కుల విధానాన్నీ, విద్యార్థులు రాసిన నమూనా సమాధానాలనూ ఉచితంగా ప్రచురిస్తుంది. మీరు మీ కోర్సు పాత ప్రశ్నపత్రాలు సేకరించి, ప్రతి ప్రశ్నకూ ఇలాంటి కొలబద్ద మీరే తయారుచేసుకోవచ్చు.

రెండోది, వ్యవధి. రాసిన వెంటనే దిద్దవద్దు. రెండు రోజులు పక్కన పెట్టండి. అప్పుడు అది వేరొకరు రాసినట్టు కనబడుతుంది.

మూడోది, మరో మనిషి. ఇంట్లో ఎవరికైనా గట్టిగా చదివి వినిపించండి. వారికి చరిత్ర తెలియనక్కరలేదు. "ఇంతకీ నువ్వు ఏమంటున్నావు?" అని వారు అడిగితే మీ వాదన వాక్యం సరిగా లేదని అర్థం. సంపర్క తరగతిలో పరిచయమైన ఒకరితో సమాధానాలు మార్చుకుని దిద్దుకోండి.

కాలాన్ని పంచుకోవడంలో కూడా లెక్క ఉండాలి. తొమ్మిది యూనిట్లలో 3 నుంచి 6 వరకు ఒక్కొక్కదానికి 12–15 శాతం, మిగిలిన అయిదింటికి 8–10 శాతం చొప్పున ప్రాధాన్యం ఉంది. మేము ముప్పై వారాల లెక్క వేసుకున్నాం. పెద్ద యూనిట్లు నాలుగింటికి మూడేసి వారాలు, చిన్నవాటికి రెండేసి వారాలు, అంటే ఇరవై రెండు వారాలు. మిగిలిన ఎనిమిది వారాలూ గడియారం పెట్టుకుని రాయడానికే. ఒక యూనిట్ ఆలస్యమైతే వారాన్ని తరవాతి యూనిట్ నుంచి తీసుకోవాలి, రాత అభ్యాసం నుంచి మాత్రం తీసుకోకూడదు.

మీ ప్రగతిని సమీక్షించుకోండి – 2
1. మోటుపల్లి శాసనాన్ని ఏ నాలుగు ప్రశ్నలు అడగాలి?
2. "మొదటి ప్రపంచ యుద్ధం ప్రపంచాన్ని మార్చింది." ఈ బలహీన వాక్యాన్ని వాదన వాక్యంగా మార్చండి.

1.9 సారాంశం

ఏపీ వరల్డ్ హిస్టరీ పరీక్ష విద్యార్థికి ఎంత తెలుసు అని కాక, తెలిసినదానితో ఏమి చేయగలడు అని అడుగుతుంది. పుస్తకం మూసి గుర్తు చేసుకోవడం, ప్రశ్నతో చదవడం, ఆధారాన్ని నిలదీయడం, కాదనడానికి వీలున్న వాదన చేసి దాన్ని సాక్ష్యంతో నిలబెట్టడం, రాసినదాన్ని పరాయివారి కంటితో దిద్దుకోవడం – ఇవి స్వయం అధ్యయనంలో అయిదు మెట్లు. వీటికి ఖరీదైన పుస్తకాలు అక్కరలేదు. తెల్లకాగితం, రెండు రంగుల కలాలు చాలు.

మా అమ్మాయికి చివరికి 4 వచ్చింది. 5 రాలేదని కాసేపు చిన్నబుచ్చుకుంది. ఆ సాయంత్రమే వాళ్ళ నాన్న చదువుతున్న వార్తాపత్రిక చూసి, "ఇది ఎవరు రాశారు? ఎవరికోసం?" అని అడిగింది. చరిత్ర చదివినందుకు నిజమైన ఫలితం అదేనని నేను నమ్ముతాను. ఇప్పుడు మీరు ఈ పుస్తకం మూసి, ఈ పాఠ్యభాగంలో గుర్తున్నదంతా ఒక కాగితం మీద రాయండి.

1.10 నమూనా పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. పొటోసి వెండి ప్రపంచ ప్రాంతాలను ఎలా కలిపిందో కారణాలు, పర్యవసానాలతో వివరించండి.
2. చారిత్రక ఆధారాన్ని విశ్లేషించే పద్ధతిని మీ ప్రాంతంలోని ఒక శాసనం లేదా పత్రం ఆధారంగా చర్చించండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. వాదన వాక్యం లక్షణాలు ఏవి?
2. మీ కోర్సుకు ముప్పై వారాల అధ్యయన ప్రణాళిక తయారుచేయండి.